ఏ స్క్రీన్‌కైనా సరిపోయే పేజీ: ఫ్లెక్స్‌బాక్సా, గ్రిడ్డా, మీడియా క్వెరీలా?

ఈ ఎపిసోడ్‌లో లేఅవుట్ గురించి మాట్లాడుకుందాం. సీఎస్ఎస్ కొంచెం నేర్చుకున్న ప్రతి ఒక్కరికీ వచ్చే సందేహమే ఇది: ఫ్లెక్స్‌బాక్స్ వాడాలా, గ్రిడ్ వాడాలా, లేక ఫోన్‌కి ఒకటి, ట్యాబ్‌కి ఒకటి మీడియా క్వెరీలు రాసుకుంటూ పోవాలా?

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇంట్లో పచ్చళ్ళు పెట్టి అమ్మే ఒకావిడకి మనం పేజీ చేసి ఇస్తున్నాం అనుకోండి. పైన షాపు పేరు, మెనూ. కింద 12 రకాల పచ్చళ్ళ కార్డులు. ఒక్కో కార్డులో ఫోటో, పేరు, ధర, "ఆర్డర్ చేయండి" అనే బటన్. చూసేవాళ్ళలో ఎక్కువమంది ఫోన్‌లోనే చూస్తారు. ఆ బటన్ స్క్రీన్ బయటికి జారిపోయిందంటే ఎవరూ ఫోన్ చేసి చెప్పరు. పేజీ మూసేసి వెళ్ళిపోతారు, అంతే. ఆర్డర్ ఎందుకు రాలేదో ఆవిడకి ఎప్పటికీ తెలియదు. కాబట్టి ఇది అందం గురించిన విషయం మాత్రమే కాదు.

ముందు ఒక మాట. మీరు సీఎస్ఎస్ ఏమీ రాయకపోతే హెచ్‌టీఎంఎల్ పేజీలోని మాటలు ఏ స్క్రీన్‌లోనైనా సర్దుకుంటాయి. వెడల్పు తగ్గితే వాక్యం కింది లైన్‌కి వస్తుంది. ఆ గుణాన్ని పాడుచేసేది మనమే, "వెడల్పు 960 పిక్సెల్స్" అని బిగించేసి! అందుకే కొలతలు ఎంత తక్కువగా బిగిస్తే అంత మంచిది.

అయితే హెడ్‌లో వ్యూపోర్ట్ మెటా ట్యాగ్ మాత్రం తప్పకుండా ఉండాలి. 2007లో వచ్చిన మొదటి ఐఫోన్, పేజీని 980 పిక్సెల్స్ వెడల్పు ఉన్నట్టు ఊహించుకుని, దాన్ని కుదించి చూపించేది. ఆ ట్యాగ్ లేకపోతే ఇప్పటి ఫోన్లూ దాదాపు అదే పని చేస్తాయి. అక్షరాలు చీమల్లా కనిపిస్తాయి.

2010లో ఈథన్ మార్కాట్ "రెస్పాన్సివ్ వెబ్ డిజైన్" అనే పేరు పెట్టి మూడు సూత్రాలు చెప్పారు: సాగే గ్రిడ్, సాగే బొమ్మలు, మీడియా క్వెరీలు. అప్పట్లో కాలమ్స్ కోసం ఫ్లోట్ వాడేవారు. అసలు ఫ్లోట్ ఉన్నది ఫోటో చుట్టూ మాటలు రావడానికి. దానితో కార్డులు పేరిస్తే, ఒక కార్డు కాస్త పొడవైనా కింది వరుసలోది దానికి తట్టుకుని ఆగిపోయేది. ఇప్పుడు కార్డులకి ఆ అవస్థ అక్కర్లేదు.

ఇప్పుడు ఎంపికకి వద్దాం. ఒక్క ప్రశ్న వేసుకోండి: వస్తువులు ఒక దిక్కులో సాగాలా, రెండు దిక్కుల్లో వరుస కుదరాలా?

మెనూ చూడండి. ఒకదాని పక్కన ఒకటి, చోటు చాలకపోతే కిందికి రావాలి. పైవరుసతో కిందివరుసకి పొత్తు అక్కర్లేదు. ఇది ఫ్లెక్స్‌బాక్స్ పని. ఫ్లెక్స్-ర్యాప్ ఇవ్వడం మాత్రం మరచిపోకండి.

కార్డులు అలా కాదు. నిలువుగానూ అడ్డంగానూ వరుసలో ఉండాలి. ఫ్లెక్స్‌బాక్స్‌లో ఫ్లెక్స్-గ్రో ఇచ్చి పేరిస్తే, చివర ఒంటరిగా మిగిలిన గోంగూర కార్డు వరుస మొత్తం పరుచుకుంటుంది. ఇక్కడ గ్రిడ్ కావాలి. 2017 మార్చిలో క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారీ మూడింటిలోకీ గ్రిడ్ వచ్చేసింది.

గ్రిడ్‌లో రిపీట్, ఆటో-ఫిల్, మిన్‌మాక్స్ కలిపి "కార్డు కనీసం 15 రెమ్ ఉండాలి, మిగిలిన చోటు సమానంగా పంచు" అని చెబుతాం. 15 రెమ్ అంటే మామూలుగా 240 పిక్సెల్స్. అంచుల్లో, కార్డుల మధ్య 16 పిక్సెల్స్ చొప్పున వదిలితే, 360 వెడల్పు ఫోన్‌లో ఒక కాలమ్, 768లో రెండు, 1024లో మూడు, 1280లో నాలుగు వస్తాయి. ఒక్క మీడియా క్వెరీ కూడా రాయలేదు, గమనించారా? ఎన్ని కాలమ్స్ అనేది బ్రౌజరే లెక్క వేసుకుంటుంది.

రెమ్ ఎందుకంటే, చూపు తగ్గినవాళ్ళు బ్రౌజర్‌లో అక్షరం సైజు పెంచుకుంటే కార్డు కూడా పెరిగి, కాలమ్స్ వాటంతటవే తగ్గుతాయి. అయితే చిన్న స్క్రీన్‌లో ఆ 15 రెమ్ స్క్రీన్ కంటే వెడల్పు కావచ్చు. అందుకని కనీస కొలతని మిన్ ఫంక్షన్‌లో పెట్టి "100 శాతం, 15 రెమ్, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అది" అని రాయండి.

మరి మీడియా క్వెరీలు? అవి చివర్లో వస్తాయి. ఫోన్ మోడల్ పేరు చూసి కొలత పెట్టకండి, వచ్చే ఏడాది ఇంకో సైజు వస్తుంది. విండోని మెల్లగా లాగుతూ వెళ్ళండి. పేజీ ఎక్కడ చెదిరిందో అక్కడే మీడియా క్వెరీ రాయండి. అదే కార్డు ఒకచోట వెడల్పుగా, ఇంకోచోట సైడ్‌బార్‌లో ఇరుకుగా ఉండాల్సి వస్తే కంటైనర్ క్వెరీ వాడండి. అది స్క్రీన్‌ని కాదు, కార్డు ఉన్న పెట్టెని కొలుస్తుంది. 2023 ఫిబ్రవరికల్లా ముఖ్యమైన బ్రౌజర్లన్నిటికీ అది వచ్చింది.

తెలుగులో పేజీ చేసేవాళ్ళకి ఇంకో రెండు జాగ్రత్తలు. మన అక్షరాలకి కింద వత్తులుంటాయి. బటన్‌కి ఎత్తు బిగించి, పొంగినదాన్ని దాచేస్తే వత్తులు తెగిపోతాయి. ఎత్తు వదిలేసి ప్యాడింగ్ ఇవ్వండి. రెండోది, మన మాటలు పొడవు. "పండుమిరపకాయపచ్చడి" అని కలిపి రాస్తే, ఫ్లెక్స్ ఐటమ్ ఆ మాట కంటే సన్నబడనంటుంది, పేజీ పక్కకి జరుగుతుంది. ఓవర్‌ఫ్లో-ర్యాప్‌కి ఎనీవేర్ అని ఇస్తే సర్దుకుంటుంది.

ఇక ఆర్డర్ ప్రాపర్టీతో వస్తువులని అటూ ఇటూ మార్చే ముందు ఆలోచించండి. కంటికి వరుస మారుతుంది కానీ, స్క్రీన్ రీడర్, కీబోర్డ్ మామూలుగా హెచ్‌టీఎంఎల్ వరుసలోనే వెళతాయి. చూపు లేనివాళ్ళకి ధర ఒక పచ్చడిదీ బటన్ ఇంకో పచ్చడిదీ అయితే ఎలా?

ఈ వారం ఒక పని చేయండి. మీరు చేసిన పేజీని 1280 వెడల్పు విండోలో తెరిచి 400 శాతం జూమ్ చేయండి. అది 320 పిక్సెల్స్ స్క్రీన్‌తో సమానం. 2018లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.1 ప్రమాణం అడిగేది కూడా అదే: ఆ వెడల్పులో పక్కకి జరపకుండా చదవగలగాలి. పెద్ద పట్టికల్లాంటి వాటికి మినహాయింపు ఉంది. ఆర్డర్ బటన్ కనిపించి, వేలికి అందితే మీ లేఅవుట్ నిలబడినట్టే.

సందేహాలుంటే కింద రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో బొమ్మల గురించి చూద్దాం.