బొమ్మ పక్కన అక్షరాలు

(కరపత్రాలు, చిన్న పుస్తకాలు తయారుచేసే కార్యకర్తల శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



కరపత్రంలో ఏం రాయాలన్న దాని మీద మనం రోజుల తరబడి వాదించుకుంటాం. తీరా డీటీపీ సెంటర్‌కి వెళ్లాక "బొమ్మ ఎక్కడో ఒకచోట పెట్టు బాబూ" అని చెప్పి వచ్చేస్తాం. ఆ 'ఎక్కడో ఒకచోట' గురించే నేను మాట్లాడతాను.

గృహహింస నుంచి మహిళలకు రక్షణ కల్పించే 2005 నాటి చట్టం మీద వేసిన చిన్న పుస్తకం ఒకటి చూశాను. పేజీ నడుమ తల దించుకున్న ఆడమనిషి బొమ్మ. (మన పుస్తకాల్లో ఆడవాళ్లు తలెత్తేదెప్పుడో!) అక్షరాలు బొమ్మకు రెండువైపులా పరుచుకుని ఉన్నాయి. దరఖాస్తు కోర్టుకు అందాక, సాధారణంగా మూడు రోజుల్లోపే మొదటి విచారణ తేదీ ఉండాలని ఆ చట్టం 12వ సెక్షన్ చెబుతుంది. ఆ వాక్యంలో 'మూడు' బొమ్మకు ఎడమన, 'రోజుల్లోపే' కుడిన పడ్డాయి. కొత్తగా చదవడం నేర్చుకున్న ఒకామె వేలు పెట్టి చదువుతూ 'మూడు' దాకా వచ్చి, బొమ్మ దాటకుండా కింది వరుసలోకి దిగిపోయింది. నాలుగో రోజున కోర్టులో నిలబడి అడగాల్సిన మాట ఆమెకు అందనే లేదు.

బొమ్మ చుట్టూ అక్షరాలు ఒదిగేలా చేయడాన్ని టెక్స్ట్ ర్యాప్ అంటారు. పేజ్‌మేకర్ రోజుల నుంచీ ఉన్నదే. ఇన్‌డిజైన్, వర్డ్, లిబ్రెఆఫీస్‌లలోనూ ఉంది. బొమ్మ వంపుల వెంట అక్షరాలు మెలికలు తిరిగే పద్ధతి సినిమా పత్రికలకు బాగుంటుంది. మనకు నలుపలకగా ఒదిగేది చాలు. బొమ్మని కుడి అంచుకు చేర్చండి. అప్పుడు ప్రతి వరుసా ఎడమన ఒకేచోట మొదలవుతుంది, కన్ను తడుముకోదు.

తెలుగుతో ఇంకో చిక్కుంది. మన మాటలు పొడుగు. 'న్యాయసేవాధికార సంస్థ' సన్నటి సందులో ఎలా పడుతుంది? పైగా రెండు అంచులూ సమం చేయమంటే వరుసకు రెండు మాటలు, వాటి మధ్య ఏరంత ఖాళీ. బొమ్మ పక్కన నాలుగు మాటలైనా పట్టకపోతే ర్యాప్ మానేసి, బొమ్మను పేరా పైన పెట్టించండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది యాంకర్, అంటే లంగరు. బొమ్మను పేజీకి కట్టేస్తే, పైన రెండు వాక్యాలు చేర్చగానే పేరా కిందికి జరుగుతుంది, బొమ్మ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. రక్షణాధికారి బొమ్మ పక్కకి పోలీసు స్టేషన్ పేరా వచ్చి చేరుతుంది. చదువు రాని మనిషి ఎవరి దగ్గరకు వెళ్లాలో బొమ్మను చూసే తేల్చుకుంటుంది కదా! అందుకని బొమ్మను దాని పేరాకే కట్టమని అడగండి.

సెంటర్ కుర్రాడు "అందం పోతుంది మేడమ్" అంటాడు. పోనివ్వండి. అచ్చుకిచ్చే ముందు ఒక ప్రతి తీసి, నిదానంగా చదివే ఒకామె చేతికిచ్చి పక్కన కూర్చోండి. ఆమె వేలు ఆగినచోటల్లా పెన్సిల్‌తో గుర్తు పెట్టి, ఆ కాగితమే అతనికి చూపించండి.