పార్కు తాళంచెవి ఎవరి చేతిలో?

(చర్లపల్లిలో జరిగిన స్థానిక కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన సమావేశాలలో సాధారణంగా చర్చకు వచ్చే విషయాలు మీకు తెలిసినవే: పిల్లల స్కాలర్‌షిప్పులు, రిజర్వేషన్లు, వక్ఫ్ భూములు, పోలీసు కేసులు. ఈసారి పార్కుల గురించి, ఆటస్థలాల గురించి మాట్లాడుకుందామని ప్రతిపాదించినప్పుడు కొందరు మిత్రులు నవ్వారు. ఇది కడుపు నిండినవాళ్ళ సమస్య కదా అన్నారు. కడుపు నిండినవాళ్ళకు క్లబ్బులున్నాయి, గేటు లోపలే ఈతకొలనులున్నాయి, గంటల లెక్కన అద్దెకు దొరికే టర్ఫ్ మైదానాలున్నాయి. ఊరుమ్మడి ఆటస్థలం కావలసింది ఒకటిన్నర గదుల అద్దె ఇంట్లో ఆరుగురు సర్దుకునే కుటుంబానికి. రెండు షిఫ్టుల మధ్య ఊపిరి పీల్చుకోవాలనుకునే కార్మికునికి. ఇంటి గడప దాటి పది నిమిషాలు నడవాలన్నా చోటు లేని మన ఆడవాళ్ళకు. కాబట్టి ఈ విషయానికి క్షమాపణలు చెప్పుకోకుండానే మొదలుపెడతాము.

చర్లపల్లి అనగానే బయటివారికి గుర్తుకు వచ్చేది జైలు. తరువాత పారిశ్రామికవాడ, గ్యాస్ నింపే ప్లాంట్లు, ఇటు ఈసీఐఎల్. 2025 జనవరి 6న ప్రారంభమైన పెద్ద రైల్వే టెర్మినల్ ఇప్పుడు ఆ జాబితాలో చేరింది. దేశానికి కావలసిన పనులెన్నో ఈ నేలమీద జరుగుతున్నాయి. ఆ పనులు చేసేవారి పిల్లలు సాయంత్రం ఎక్కడ ఆడుకుంటున్నారని అడిగితే మాత్రం, లారీలు తిరిగే రోడ్డును చూపించవలసి వస్తుంది. ఈ ప్రాంతంలో విశాలమైన పచ్చదనం ఎక్కడుందంటే ఖైదీల వ్యవసాయ క్షేత్రం గుర్తుకు రావడం ఒక వింత.

ఇక్కడికి కూతవేటు దూరంలో అమ్ముగూడ ఉంది. ఆ ఊరి పేద కుటుంబంలో పుట్టిన తులసీదాస్ బలరాం 1956లో మెల్‌బోర్న్, 1960లో రోమ్ ఒలింపిక్స్‌లో భారత ఫుట్‌బాల్ జట్టుకు ఆడాడు. 1962లో జకార్తా ఆసియా క్రీడలలో బంగారు పతకం గెలిచిన జట్టులో ఉన్నాడు. ఆయనను తీర్చిదిద్దినవారు హైదరాబాదుకే చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. 2024లో వచ్చిన 'మైదాన్' సినిమా చూసినవారికి ఆ పేరు తెలిసే ఉంటుంది. అమ్ముగూడ నుంచి హైదరాబాదుకు సాధనకు వచ్చిపోయే స్తోమత తనకు లేకపోతే సైకిలు అద్దె ఖర్చును రహీం సాబే భరించారని బలరాం తరువాతి రోజులలో కృతజ్ఞతతో చెప్పుకునేవారు. ఒక ముస్లిం ఉపాధ్యాయుడు, ఒక హిందూ పేద బాలుడు, మధ్యలో ఒక బంతి. దీనిని మతసామరస్య దృష్టాంతంగా చెప్పి చప్పట్లు కొట్టించుకోవడం తేలిక. మేము అడగదలచింది వేరు. బంతి ఆడడానికి ఆనాడు అమ్ముగూడలో ఖాళీ నేల ఉండేది, ఆ నేలకు గేటు ఉండేది కాదు. ఈనాడు అంతటి ప్రతిభ గల పిల్లవాడు చర్లపల్లిలో పుడితే, వాడి ఆటను ఎవరైనా చూడాలన్నా ముందు వాడు ఆడడానికి చోటు ఉండాలి కదా?

ఆ నేల ఎటు పోయిందో చెప్పుకోవాలి. కబ్జాదారుడు రాత్రికి రాత్రే వచ్చి కంచె వేయడం అరుదు. చాలాసార్లు కాగితం ముందు మాయమవుతుంది, తరువాత నేల మాయమవుతుంది. ఆమోదం పొందిన లేఅవుట్‌లో పది శాతం స్థలాన్ని ఉమ్మడి ఖాళీ జాగాగా విడిచి, దానిని స్థానిక సంస్థకు దానపత్రం ద్వారా రిజిస్టరు చేసి అప్పగించాలన్నది నియమం. మన కాలనీలలో చాలావాటికి పునాది పడింది పంచాయతీల కాలంలో. ఆ తరువాత కాప్రా పురపాలక సంఘం వచ్చింది. 2007 ఏప్రిల్‌లో కాప్రా, ఉప్పల్, మల్కాజిగిరి వంటి పన్నెండు పురపాలక సంఘాలను పాత నగరపాలక సంస్థలో కలిపి జీహెచ్ఎంసీని ఏర్పాటు చేశారు. ఇలా ఒక దఫ్తరం నుంచి మరో దఫ్తరానికి ఫైళ్ళు మారినప్పుడల్లా కొన్ని దానపత్రాలు అట్టడుగుకు చేరాయి. కొన్నిచోట్ల దానపత్రమే రాయలేదు. రాయనిచోట పాత యజమాని వారసుడో, వాని పేరు చెప్పుకునే దళారియో ప్రత్యక్షమై, అరవై గజాల ముక్కలు చేసి నోటరీ కాగితం మీద అమ్మేస్తాడు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. ఆ అరవై గజాలు కొనేది ఎవరు? రిజిస్టరైన ప్లాటు కొనే స్తోమత లేనివారు. వారిలో మనవాళ్ళు ఎందరో. కూతురి పెళ్ళికని దాచుకున్న సొమ్ము, గల్ఫ్ నుంచి కొడుకు పంపిన సొమ్ము ఆ నోటరీ కాగితంలో కలిసిపోతుంది. పదేళ్ళ తరువాత అది పార్కు స్థలమని తేలిననాడు దళారి కనిపించడు, ఇల్లు మాత్రం కనిపిస్తుంది. బుల్డోజర్ కూల్చివేతల మీద 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును మన పత్రికలన్నీ హర్షించాయి. పదిహేను రోజుల నోటీసు లేనిదే కూల్చరాదన్న ఆ ఆదేశం నిజంగా గొప్పదే. అయితే రోడ్డు, వీధి, కాలిబాట వంటి బహిరంగ స్థలాలలో, నీటి వనరులలో ఉన్న అనుమతి లేని కట్టడాలకు ఆ రక్షణ వర్తించదని అదే తీర్పు చెప్పిన సంగతి మన ఇళ్ళకు చేరలేదు. పార్కు హద్దులను ముందే కాపాడుకోవడమంటే పిల్లల ఆటను కాపాడుకోవడంతో పాటు ఒక పేద కుటుంబం మోసపోకుండా ఆపడం కూడా.

2024 జూలైలో ఏర్పడిన హైడ్రా చెరువులతో పాటు పార్కుల కబ్జాల మీద కూడా ఫిర్యాదులు తీసుకుంటున్నది. బుద్ధభవన్‌లో సోమవారాలు ప్రజావాణి జరుపుతున్నది. వాడుకోవలసిన తలుపే అది. కానీ కబ్జా జరిగిపోయాక వచ్చే యంత్రం ఎంత బలమైనదైనా, అది నిత్య పర్యవేక్షణకు బదులు కాజాలదు. దూరం నుంచి వచ్చే అధికారికి మన హద్దురాయి ఎక్కడుందో తెలియదు. రోజూ ఆ దారిన నడిచేవారికి తెలుస్తుంది.

చట్టం ఈ మాట ఎప్పుడో ఒప్పుకున్నది. 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన పన్నెండవ షెడ్యూలులో పార్కులు, తోటలు, ఆటస్థలాలను స్థానిక సంస్థల బాధ్యతలలో చేర్చారు. మూడు లక్షలు లేదా అంతకు మించిన జనాభా గల నగరాలలో వార్డు కమిటీలు ఉండాలని 243-ఎస్ అధికరణం చెబుతున్నది. మన నగర చట్టంలోనూ వార్డు కమిటీలకు, ఏరియా సభలకు చోటు కల్పించారు. 2023 జూన్‌లో డివిజన్‌కొక వార్డు కార్యాలయాన్ని తెరిచి, పచ్చదనం చూసే సిబ్బందిని కూడా అక్కడే కూర్చోబెట్టే ఏర్పాటు చేశారు. చట్టంలో కుర్చీలు చాలానే ఉన్నాయి. ఆ కుర్చీలలో ఎవరు కూర్చుంటున్నారన్నదే మన ప్రశ్న. 2016 నుంచి 2021 వరకు నగర మేయరుగా ఉన్న బొంతు రామ్మోహన్ మన చర్లపల్లి డివిజన్ నుంచే గెలిచారు. మేయరు మన వార్డువాడైనంత మాత్రాన ప్రతి చిన్న పార్కు లెక్క మనకు దానంతట అదే అందదు. ఆ లెక్క అడిగేవాళ్ళు వార్డులోనే ఉండాలి.

అడిగితే ఏమవుతుందో బెంగళూరు చెబుతుంది. అక్కడ రాజమహల్ విలాస్ విస్తరణలో పార్కుకోసం ఉంచిన స్థలాన్ని 1976లో ముఖ్యమంత్రి ఆదేశంతో ఒక ప్రైవేటు ఆసుపత్రి ట్రస్టుకు కేటాయించారు. ఆసుపత్రి కూడా మంచి పనే కదా అనేవారు అప్పుడూ ఉన్నారు. చుట్టుపక్కల నివాసులు కోర్టుకు వెళ్ళారు. వారికి ప్రశ్నించే అర్హతే లేదన్న వాదనను 1991లో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. పార్కుగా నిర్ణయించిన స్థలం పార్కుగానే ఉండాలని, అక్కడ నివసించేవారికి ఆ విషయంలో హక్కు ఉందని చెప్పింది. ముప్పై ఏళ్ళు దాటినా మన కాలనీలలో చాలామందికి ఆ తీర్పు పేరే తెలియదు.

ఇక మనకు ప్రత్యేకంగా తగిలే సంగతులు. నివాసులకు హక్కు ఉందంటున్నాము సరే, నివాసులంటే ఎవరు? పార్కుల నిర్వహణను పలుచోట్ల కాలనీ సంక్షేమ సంఘాలకు అప్పగిస్తున్నారు. తాళంచెవి వారి దగ్గరే ఉంటుంది. సంఘంలో సభ్యత్వం సాధారణంగా ఇంటి యజమానులకు దక్కుతుంది. పాతబస్తీలో లాగా మన జనం ఇక్కడ ఒకేచోట గుంపుగా లేరు. కాలనీల మధ్య చెదురుమదురుగా ఉన్నారు, చాలామంది అద్దె ఇళ్ళలో ఉన్నారు. ముస్లింలు ఎక్కువగా ఉన్నచోట పౌర సదుపాయాలు కొరవడుతున్నాయని 2006లో సచార్ కమిటీ రాసింది. ఇక్కడ మన స్థితి దానికి కొంచెం భిన్నం: సదుపాయం పక్క వీధిలోనే ఉంటుంది, దానిని నడిపే సంఘం సమావేశానికి మనకు పిలుపు ఉండదు. బురఖా వేసుకున్న తల్లి బిడ్డను ఉయ్యాల ఎక్కిస్తుంటే 'మీరు ఏ ఇంటివారు?' అని అడిగే కాపలాదారు, పక్కనున్న ఇంకొక తల్లిని అడగడు. ఇది మన సోదరీమణులు చెప్పిన మాట.

అలాంటప్పుడు బతిమాలవలసిన పని లేదు. రాజ్యాంగం 15వ అధికరణంలోని రెండవ భాగం చదివి వినిపించండి. ప్రభుత్వ ధనంతో నడిచే, లేదా ప్రజల వాడకానికి అంకితమైన బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు, జనం చేరే స్థలాలలో మతం, జాతి, కులం, లింగం, పుట్టినచోటు కారణంగా ఏ పౌరునికీ ఆటంకం ఉండరాదని అందులో ఉంది. మహద్ చెరువు నీళ్ళు ముట్టుకోవడానికి అంబేద్కర్ పోరాడిన దేశంలో ఆ వాక్యం ఊరికే రాలేదు. దళిత సోదరులు ఆ వాక్యానికి చెల్లించిన మూల్యం ఏమిటో మనం మరిచిపోరాదు. ఈ పనిలో వారితో కలిసే నడవాలి.

నమాజు సంగతి కూడా దాటవేయకుండా మాట్లాడుదాం. 2018 డిసెంబరులో నోయిడాలో పార్కులో శుక్రవారం నమాజు చేయరాదని పోలీసులు కంపెనీలకు నోటీసులిచ్చినప్పుడు దేశమంతా చర్చ జరిగింది. మా అభిప్రాయం సూటిగా చెబుతాము. పార్కులో మతపరమైన కార్యక్రమానికి అనుమతి కావాలంటే అది అందరికీ కావాలి. వద్దంటే అందరికీ వద్దు. మంటపాలకు ఒక నియమం, సఫ్‌లకు మరో నియమం ఉండరాదు. ఆ నియమం కార్యాలయం గోడమీద రాతలో ఉండాలి, కాపలాదారు నోటిమాటలో ఉండరాదు.

ఇదే నిజాయితీతో మనవాళ్ళకు ఇంకో మాట చెప్పాలి. గుడి, మసీదు, చర్చి, గురుద్వారా ఏ పేరుతోనూ వీధులలో, పార్కులలో కొత్తగా అనుమతి లేని కట్టడం కట్టనీయరాదని సుప్రీంకోర్టు 2009 సెప్టెంబరులో ఆదేశించింది. కాలనీలో మసీదు దూరమైంది కాబట్టి పార్కు మూలన ఒక రేకుల షెడ్డు వేద్దామన్న ఆలోచన అక్కడక్కడ వినిపిస్తుంది. నగరం నడిబొడ్డున బాగ్-ఎ-ఆమ్‌లో మసీదు లేదా అంటారు. ఉంది. అది ఏడవ నిజాం ఏలికగా ఉండి కట్టించినది. దానిని చూపించి మనం నేడు పిల్లల జాగాలో షెడ్డు వేయలేము. జానెడు నేలనైనా అన్యాయంగా ఆక్రమించినవానికి పరలోకంలో ఏమి కాచుకొని ఉందో మన ప్రవక్త (స) చేసిన హెచ్చరిక ఇక్కడున్న పెద్దలకు మేము చెప్పనక్కరలేదు. వక్ఫ్ పత్రాలున్న ఈద్గాను మైదానమని లాక్కోజూస్తే అది వేరే విషయం. బెంగళూరు చామరాజపేటలో 2022లో చూశాము, అక్కడ పత్రాలతో కోర్టులో పోరాడాలి. పత్రం మనవైపు లేనిచోట పార్కు పార్కే.

మరి చేయవలసిన పని ఏమిటి? పెద్ద ఉద్యమమేమీ కాదు, కొంచెం విసుగు పుట్టించే పని. కాప్రా సర్కిల్ కార్యాలయంలో సమాచార హక్కు దరఖాస్తు వేసి, మన డివిజన్‌లోని ప్రతి లేఅవుట్ ఖాళీ స్థలం విస్తీర్ణం, దానపత్రం నంబరు, ఇప్పుడు దానిని ఎవరు నిర్వహిస్తున్నారో అడగాలి. అద్దెకున్నవారికీ, ఆడవాళ్ళకూ సంక్షేమ సంఘాలలో మాట ఉండాలని పక్క కాలనీల మిత్రులతో కలిసి కార్పొరేషన్‌ను అడగాలి. ఇంకొక లెక్క ఉంది. పది శాతం ఖాళీ స్థలం విడవని లేఅవుట్లను క్రమబద్ధీకరించేటప్పుడు, ప్లాటు విలువలో 14 శాతాన్ని ఖాళీ స్థలం కింద వసూలు చేస్తున్నారు. మనలో కొందరు కట్టారు కూడా. ఆ సొమ్ముతో ఈ వార్డులో ఎన్ని గజాల ఆటస్థలం వచ్చిందన్నది మన రెండవ దరఖాస్తు.

దరఖాస్తులు రెండూ రాసి సిద్ధంగా ఉన్నాయి. బయట బల్లమీద పెట్టాము, వెళ్ళేటప్పుడు చదివి సంతకాలు చేయండి. వచ్చే ఆదివారం అసర్ నమాజు తరువాత మొదటి రెండు కాలనీల పార్కుల హద్దులు నడిచి చూద్దాం. లేఅవుట్ నకలు ఇంట్లో ఉన్నవారు తీసుకురండి. కొలిచే టేపు మేము తెస్తాము. ఆడవాళ్ళు తప్పక రావాలి, పిల్లలను తీసుకురండి. బంతి కూడా తెచ్చుకోమనండి.