దలీల్ అడగడం బేఅదబీ కాదు



మేము బడిలో పిల్లలకు మూడు మాటలు బోర్డు మీద వ్రాసి చూపిస్తుంటాము: దావా, దలీల్, నతీజా. అనగా మనం అనే మాట, దానికి ఆధారం, అందులోంచి తేలే నిర్ణయం. ఈ మూడూ ఎంత అవసరమో 2022 జూలైలో భద్రాచలం వరద మాకే నేర్పింది.

గోదావరి 43 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. ఆ ఏడు 71.3 అడుగులు వచ్చింది. మూడవ హెచ్చరిక పడిన రాత్రి మసీదు వరండాలో ఒక పెద్దాయన, "1986లో 75.6 అడుగులు వస్తేనే మా గడపలోకి నీళ్ళు రాలేదు, ఇప్పుడెందుకు లేచిపోవాలి?" అన్నారు. ఒక కుర్రవాడు "చాచా, మీకు చదువు లేదు, మీకేం తెలుస్తుంది?" అన్నాడు. గొడవ పెరిగింది గాని ఎవరూ సామాను సర్దలేదు.

ఇద్దరిదీ పొరపాటే. పెద్దాయన చెప్పిన సంగతి నిజమే కావచ్చు. కాని 1986 తర్వాత కరకట్ట వచ్చింది. నది పొంగితే కట్ట తూములు మూసివేస్తారు. అప్పుడు ఊళ్ళో కురిసిన వాన బయటికి పోలేదు, మోటార్లతో తోడవలసిందే. కనుక పాత లెక్క ఈనాటి ఇంటికి సరిపోదు. కుర్రవాడి నిర్ణయం సరియైనదే, దలీలే లేదు. మనిషిని చిన్నబుచ్చినంత మాత్రాన అతని మాట తప్పైపోదు.

అంతలో ఎవరి ఫోనులోనో "పైన డ్యాం తెగింది" అని వార్త. సగం మంది పరుగు. మేము అడిగినది ఇంతే: చూసినవాడెవరు? ఏ డ్యాం? ఏ వేళ? ఎగువన పేరూరు దగ్గర మట్టం ఎంత? ఒక్కదానికీ జవాబు లేదు. తెల్లవారినా ఏ డ్యామూ తెగలేదు.

హదీసు పండితులు ప్రతి రివాయత్‌కూ ఎవరు ఎవరి నుంచి విన్నారో ఇస్నాద్ అడిగేవారు. సూరె హుజురాత్ 6వ ఆయత్ కూడా నమ్మదగనివాడు తెచ్చిన వార్తను విచారించుకొమ్మనే చెబుతుంది. మరి మన ఇళ్ళల్లో పిల్లవాడు "ఎందుకు అబ్బా?" అంటే ఎదురు మాట్లాడకు అని గద్దిస్తాము. బడిలో మేమూ చాలా ఏళ్ళు బట్టీయే పట్టించాము, ఒప్పుకుంటున్నాము.

ఆ రాత్రి పెద్దాయన పక్కన కూర్చుని, అదబ్‌తో తూముల సంగతి వివరించాము. ఆయన కాసేపు ఆలోచించి, కొడుకులను పిలిచి తామే సామాను ఎత్తించారు. ఓడిపోయామని ఆయన అనుకోలేదు, గెలిచామని మేమూ అనుకోలేదు.

కనుక మా మనవి ఒక్కటే. పిల్లవాడు దలీల్ అడిగితే సంతోషించండి. తెలియకపోతే "కనుక్కుందాం బేటా" అనండి. ఖుదా హాఫిజ్.