సికిల్‌సెల్ కార్డులో ఏటుంది?



మన సీతంపేట, పార్వతీపురం ఏజెన్సీ కొండల్లో సికిల్‌సెల్ అనే రక్తపు జబ్బు ఉంది. దీన్ని 2047 నాటికి తుడిచేస్తామని కేంద్ర ప్రభుత్వం 2023 జులై 1న కార్యక్రమం మొదలెట్టింది. 40 ఏళ్ళ లోపు 7 కోట్ల మందికి పరీక్ష అన్నారు. మంచిదే. వేలికి సూది గుచ్చి కార్డిస్తారు. ఆ కార్డులో ఏటుందో విప్పి చెప్పేదెవరు?

ఇది అంటురోగం కాదు, చేతబడి అంతకన్నా కాదు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు చెడ్డ జన్యువులూ చేరితేనే జబ్బు. ఎర్రకణం కొడవలిలా వంగి సన్న నరాల్లో అడ్డం పడుద్ది. ఒళ్ళంతా పోట్లు, రక్తం చాలదు. ఒకటే వస్తే ఆ మనిషి వాహకుడు. వాహకుడు రోగి కాడు, అందరిలాగే దున్నుతాడు, కూలికెళ్తాడు.

వాహకులిద్దరికి పెళ్ళయితే ప్రతి కాన్పుకీ నాలుగింట ఒక వంతు జబ్బు బిడ్డ పుట్టే అవకాశం. ‘ఒకడికి వచ్చేసింది, ఇంక ముగ్గురికి భయం లేదు’ అనుకోకండి. కాన్పు కాన్పుకీ లెక్క మళ్ళీ మొదలే. మేనరికాల్లో ఇద్దరూ వాహకులయ్యే వీలు ఎక్కువ.

బిడ్డకి జబ్బొస్తే తిట్లు మాత్రం కోడలికే! మొగుడి వాటా లేకుండా ఈ జబ్బెలా వచ్చింది? కార్డు చూసి గుంటని వద్దన్నవాడు ముందు తన కార్డు చూపించాలి. పుట్టుకని బట్టి మనిషికి మచ్చ వెయ్యడం మనం ఎరగనిదా?

అందుకే అడుగుదాం. సవర ఇంట్లో సవర మాటలోనే చెప్పాలి. ఒకరి కార్డు సంగతి ఊరందరి ముందూ చదవకూడదు. పెళ్ళీ, పిల్లలూ ఆ ఇంటివాళ్ళ నిర్ణయం, చెప్పేవాళ్ళది కాదు. జబ్బున్న పిల్లలకి హైడ్రాక్సీయూరియా మందు నెలనెలా, తప్పకుండా కొండ మీదికే రావాలి.