మా ఊరి మంటల జట్టు

(మండల మహిళా సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక గ్రామ సంఘం అధ్యక్షురాలు చేసిన ప్రసంగం)

పొదుపు గురించి, బ్యాంకు లింకేజీ గురించి పొద్దుట్నుంచీ చాలామంది చక్కగా చెప్పారు. నన్ను మా ఊళ్లో మంటలు ఆర్పే జట్టు ఎలా వచ్చిందో చెప్పమన్నారు. మంచీ చెడ్డా రెండూ చెబుతాను. ఆఖర్న ఒక తీర్మానం అడుగుతాను, అంతవరకు ఎవరూ భోజనాలకి లేవకండి.

మన శ్రీకాకుళం వైపు ఊళ్లు ఎలా ఉంటాయో మీకు తెలిసిందే. వీధికి రెండు పక్కలా ఇళ్లు వరసగా, గోడకి గోడ ఆనుకుని ఉంటాయి. ఈ ఇంటి చూరు ఆ ఇంటి చూరుని తాకుతుంది. ఇప్పుడు డాబాలు వచ్చాయి గాని, నా చిన్నప్పుడు మా వీధంతా తాటికమ్మల ఇళ్లే. నేను ఐదో తరగతి చదువుతుండగా ఒక వేసవిలో ఎవరింట్లోనో పొయ్యి మీంచి లేచిన నిప్పురవ్వ చూరుకి తగిలింది. గాలి గట్టిగా ఉంది. అన్నం ఉడికేంతసేపు కూడా పట్టలేదు, ఆ వరసలో ఒక్క ఇల్లు మిగల్లేదు. మా నాయనమ్మ ముందు మేకని విప్పి, తర్వాత నా చెయ్యి పట్టుకుని లాగింది. నేనేడిస్తే, "నువ్వు పరిగెత్తగలవు, అది కట్టేసి ఉంది" అంది. ఆ వేసవంతా బడిలో పడుకున్నాం. బియ్యం ఇచ్చారు, బట్టలిచ్చారు. మళ్లీ కమ్మలే కప్పుకున్నాం.

2000లో వెలుగు ప్రాజెక్టు మొదట వచ్చిన ఆరు జిల్లాల్లో మనది ఒకటి. మా అమ్మవాళ్లు సంఘాల్లో చేరి అప్పు ఇవ్వడం, తీర్చడం, పుస్తకం రాయించడం అన్నీ నేర్చుకున్నారు. ఇల్లు కాలితే సంఘం అప్పు ఇచ్చేది. కాలకుండా చూడడం కూడా సంఘం పనేనని అప్పట్లో ఎవరికీ తోచలేదు.

ఏడేళ్ల కిందట ఏప్రిల్లో మళ్లీ అంటుకుంది. మధ్యాహ్నం రెండు గంటలు. ఆ వేళ ఊళ్లో ఎవరుంటారో చెప్పండి. మా కుర్రాళ్లు హైదరాబాదులో, చెన్నైలో, విశాఖలో పనులకి పోయారు. ఉన్న మగాళ్లు జీడితోటల్లో ఉన్నారు. ఊళ్లో మిగిలింది ఆడవాళ్లం, ముసలివాళ్లు, పిల్లలు. కరెంటు వైరు దగ్గర మొదలైంది మంట. అందరం బిందెలు పట్టుకుని ఒకే బోరు దగ్గరికి పరిగెత్తాం. బోరు దగ్గర తోపులాట, మంట దగ్గర మనిషి లేదు. ట్యాంకు తాళం వేరే ఊరెళ్లిన ఆపరేటరు జేబులో ఉంది. 101కి ఫోను చెయ్యాలని అందరికీ తెలుసు. పక్కవాళ్లు చేసుంటారని ప్రతివాళ్లూ అనుకున్నాం. పావుగంట తర్వాత నేనే చేశాను. చేసి ఊరి పేరు చెప్పి పెట్టేశాను. ఆ పేరుతో మన చుట్టుపక్కల రెండు ఊళ్లున్నాయి, ఏ పంచాయతీయో చెప్పాలని తోచలేదు.

ఫైరింజను వచ్చింది, పాపం వాళ్ల తప్పేమీ లేదు. రామమందిరం దగ్గర ఆగిపోయింది. వీధిలోకి రావడానికి దారి లేదు. ఒక పక్క గడ్డికుప్పలు, ఒక పక్క పెంటకుప్పలు. వాళ్లు దిగి పైపు లాక్కొచ్చేసరికి నాలుగు ఇళ్లు బుగ్గయ్యాయి. ఆ దారికి అడ్డంగా ఉన్న గడ్డికుప్పల్లో ఒకటి మాది. ఇంతమందిలో ఈ మాట చెప్పడం ఇదే మొదటిసారి.

తర్వాతి వారం సమావేశంలో పెద్ద గొడవే అయింది. మంటలార్పడం మనకెందుకు, మగాళ్లు చూసుకుంటారన్నారు కొందరు. మా అత్త లేచి, "మగాళ్లు చెన్నై నుంచి బస్సెక్కి వచ్చేదాకా మంట ఆగుతుందా?" అంది. దాంతో అందరూ నోరు మూసుకున్నారు. అలా మొదలైంది మా జట్టు. సంఘానికి ఇద్దరు చొప్పున పేర్లు రాశాం. డబ్బెక్కడిదంటారా? సమావేశానికి రానివాళ్ల దగ్గర వసూలు చేసిన జరిమానా డబ్బు.

ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా అగ్నిమాపక వారోత్సవాలు చేస్తారు. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో మందుగుండు, పత్తి ఉన్న ఓడ పేలిపోయి 66 మంది అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. వాళ్ల జ్ఞాపకంగా ఆ వారం. ఆ వారంలోనే ఫైర్‌ స్టేషన్‌ వాళ్లు మా బడికి వచ్చి నేర్పించారు. మా జరిమానా సంగతి విని వాళ్లలో ఒకాయన నవ్వి ఒక కథ చెప్పాడు. అమెరికాలో ఫిలడెల్ఫియా అనే పట్నంలో 1736లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ అనే ఆయన ఇరుగుపొరుగుని కూడగట్టి మంటలార్పే సంఘం పెట్టాడట. సభ్యులు ముప్పైమంది. ఒక్కొక్కరు తోలు బకెట్లు, గట్టి సంచులు సిద్ధంగా ఉంచుకోవాలి. నెలకో సమావేశం, రాకపోతే జరిమానా. ఆ జరిమానాలతోనే నిచ్చెనలు, కొక్కేలు కొనుక్కున్నారట. ఇంకా చేరతామని వచ్చినవాళ్లని, మీరు వేరే సంఘం పెట్టుకోండి అన్నారట. అచ్చం మన సంఘాల్లాగే ఉంది కదా అని మావాళ్లు ఒకటే నవ్వు.

ఇప్పుడు మా పద్ధతి చెబుతాను. కేక వినగానే ఒకరు ఫోను చేస్తారు. పంచాయతీ, మండలం, దారి గుర్తు అన్నీ చెప్పి, మెయిన్ రోడ్డు మీదికెళ్లి నిలబడతారు. ఒకరు లైన్‌మేన్‌కి చెప్పి కరెంటు తీయిస్తారు. అది తీశారని తెలిసేదాకా నీళ్లు కొట్టం. పక్క ఇళ్లలో రెగ్యులేటరు కట్టేసి, సిలిండరు బయటికి తేవడం ఇద్దరి పని. మంటలో ఉన్న సిలిండరు జోలికి మాత్రం ఎవరూ పోకూడదు. చేలో మందు కొట్టే స్ప్రేయర్లు బాగా కడిగి నీళ్లు పోసి ఉంచుతాం. చిన్న మంటకి బిందె కన్నా అదే నయం. ట్యాంకు తాళం రెండోది మా దగ్గరుంటుంది. వేసవిలో వీధిలో గడ్డికుప్ప వేస్తే జరిమానా. మొదటి జరిమానా మా ఇంటికే వేశాం. నైలాన్ చీరతో ఎవరూ మంట దగ్గరికి రాకూడదు, కరిగి ఒంటికి అతుక్కుపోతుంది. కాలిన చోట ఇరవై నిమిషాలు చల్లని నీళ్లు ధారగా పొయ్యాలి, పేస్టూ సిరా పూయకూడదు.

ఇక కొక్కెం. పొడుగాటి వెదురు గెడకి ఇనప కొక్కెం. మంట వరస వెంట వస్తుంటే, దానికి ముందున్న ఇంటి కప్పు లాగేసి ఖాళీ చెయ్యాలి. మంటకి మేత లేకుండా చేస్తే అక్కడ ఆగుతుంది. చెప్పడం తేలిక.

మూడేళ్ల కిందట కల్లం పక్క గడ్డికుప్ప అంటుకుని మొదటి ఇంటికి, అక్కణ్నుంచి రెండో ఇంటికి వచ్చింది. మూడో ఇల్లు మా సంఘం సభ్యురాలిదే, నాకు వరసకి వదిన. ఆమె తోటకెళ్లింది. లాగమని చెప్పింది నేనే. ఆరుగురం కలిసి ఆమె కప్పు వీధిలోకి లాగేశాం. మంట రెండో ఇంటితో ఆగింది. వెనక తొమ్మిది ఇళ్లు నిలబడ్డాయి.

సాయంత్రం వదిన వచ్చింది. "మంట నా ఇంటిదాకా రానేలేదు కదమ్మా, ఎందుకు పీకేశారు?" అంది. పీకబట్టే రాలేదని నేనన్నాను. నిజమే గాని, దాన్ని ఎవరు రుజువు చెయ్యగలరు? మర్నాడు నష్టపోయిన ఇళ్ల జాబితా రాసుకెళ్లారు. కాలిన రెండు ఇళ్లకీ సాయం వచ్చింది. ఆమెది కాలలేదు కాబట్టి జాబితాలో లేదు. మేం కమ్మలు తెచ్చి, కూలి లేకుండా కప్పి ఇచ్చాం, కాదన్ను. కానీ దానికి పద్దెనిమిది రోజులు పట్టింది. మధ్యలో గాలివాన వచ్చి రెండు బస్తాల విత్తనపు ధాన్యం తడిసి మొలకెత్తిపోయింది. అప్పట్నుంచి వదిన సమావేశానికి రాదు. వాయిదా డబ్బు మాత్రం తప్పకుండా కూతురి చేత పంపిస్తుంది. రానందుకు ఆమెకి జరిమానా వెయ్యడానికి నాకు మనసొప్పలేదు. అందరికీ ఒకటే రూలు కాదా అని మావాళ్లే అడుగుతున్నారు. వాళ్లదీ న్యాయమే.

మళ్లీ అలాంటి రోజొస్తే మా జట్టులో ఎవరైనా కొక్కెం ఎత్తుతారా అని నాకు అనుమానం. ఎత్తమని చెప్పడానికి నాకూ నోరు రాదు. అందుకే ఈ తీర్మానం తెచ్చాను. ప్రతి గ్రామ సంఘం జరిమానా డబ్బు విడిగా ఉంచాలి. నలుగురి కోసం ఎవరి కప్పయినా లాగితే, కాలిన ఇళ్లకన్నా ముందు ఆ ఇంటికి రెండు రోజుల్లోపల డబ్బు ఇవ్వాలి. చాలకపోతే మిగతాది సమాఖ్య కలపాలి. మా వరకు మేం వదిన తడిసిన ధాన్యం ధర గ్రామ సంఘం బాకీగా పుస్తకంలో రాసుకున్నాం. సంతకాలు అయ్యాయి, వచ్చే నెల ఇస్తాం. ఇంటికి పట్టుకెళ్లి ఇవ్వాల్సింది నేనే.

ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి.