బిలాస్‌పూర్ నీటి లెక్కలు

ఆవిరి యంత్రాల కాలంలో రైలుబండికి బొగ్గు ఎంత అవసరమో నీరూ అంతే అవసరంగా ఉండేది. 1891లో బెంగాల్ నాగపూర్ రైల్వే వారి నాగపూర్–ఆసన్సోల్ మార్గం పూర్తయిన తరువాత బిలాస్‌పూర్ రైల్వే పట్నంగా ఎదిగింది. ఇంజన్ షెడ్డుకు, క్వార్టర్లకు, ప్లాట్‌ఫారం కుళాయిలకు కూడా నీరు సమకూర్చవలసి వచ్చింది. ఉత్తరాంధ్ర నుంచి రైల్వే పనులకై వచ్చి అక్కడనే స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకు ఆ నగరమే ప్రధాన కేంద్రమైంది. ఆ క్వార్టర్లలో పెరిగి సివిల్ ఇంజనీరింగు చదవబోయే విద్యార్థికి పట్టణ నీటి పథకాల రూపకల్పన పుస్తకాల్లో ఉండే విషయం మాత్రమే కాదు, ఇంటి వాకిట ఉన్న కుళాయి సంగతి కూడా.

ఈ విద్యలో రెండు భాగాలున్నాయి. గొట్టంలో, కాలువలో నీరు ఎట్లా ప్రవహిస్తుందో తెలిపేది హైడ్రాలిక్స్. ఆ నీరు ఎక్కడ నుంచి, ఎప్పుడు, ఎంత వస్తుందో తెలిపేది హైడ్రాలజీ. మొదటిదానిలో విద్యార్థికి త్వరగానే చేయి తిరుగుతుంది. ఎందుకంటే లెక్కకు జవాబు ఉంటుంది, అది పుస్తకం చివర అచ్చయి కూడా ఉంటుంది.

ఆ లెక్కను తేలికగా చూడటం మాత్రం పొరపాటు. ఒకే పరిమాణం గల నీటిని సగం వ్యాసం గల గొట్టం గుండా పంపితే రాపిడి వల్ల కలిగే పీడన నష్టం రెట్టింపు కాదు, దాదాపు 32 రెట్లవుతుంది. నష్టం వ్యాసపు ఐదవ ఘాతానికి విలోమంగా మారడమే దీనికి కారణం. గొట్టాల ఖర్చు తగ్గించబోయి ఒక సైజు చిన్నది వేస్తే ఆ పొదుపు భారం వీధి చివరి ఇంటి ఇల్లాలి మీద పడుతుంది. ట్యాంకు దగ్గరి ఇళ్లలో బిందెలు నిండి పొర్లుతుంటే ఆమె కుళాయి బుస కొడుతుంది. అందుకే ఒక అంతస్తు ఇళ్లున్న చోట కనీసం 7 మీటర్లు, రెండంతస్తులకు 12 మీటర్లు, మూడంతస్తులకు 17 మీటర్ల పీడనం ఉండాలని కేంద్ర ప్రభుత్వపు 1999 నాటి నీటి సరఫరా మాన్యువల్ నిర్దేశించింది. పథకాన్ని పరీక్షించవలసింది మొదటి కుళాయి దగ్గర కాదు, చిట్టచివరి కుళాయి దగ్గర.

ఇక రెండవ భాగం. బిలాస్‌పూర్ పక్కనే అర్పా నది ఉన్నది. 2019లో ఛత్తీస్‌గఢ్ రాష్ట్రగీతంగా స్వీకరించిన పాటలో మొదట వినిపించే నది పేరు అదే. వానకాలంలో అది ఒడ్డులొరసి పారుతుంది, వేసవిలో ఇసుక మేటలే మిగులుతాయి. దాని నీరు శివనాథ్‌లో, ఆపైన మహానదిలో కలిసి హీరాకుడ్ జలాశయం చేరుతుంది. నది ఒడ్డున ఉన్న ఊరు చాలాకాలం గొట్టపుబావుల మీదనే ఆధారపడటం వింతగా తోచవచ్చు. కాని నది పేరును బట్టి కాక నెలవారీ ప్రవాహాన్ని బట్టి ఆలోచించేవారికి ఇందులో వింత లేదు. తరువాత రతన్‌పూర్ సమీపంలోని ఖూటాఘాట్ జలాశయం నుంచి నగరానికి నీరు తెచ్చే పథకాన్ని అమృత్ మిషన్ కింద చేపట్టారు.

నది లెక్కలో ఉన్న చిక్కు వరదకు వంతెన కన్నులు లెక్కగట్టేటప్పుడు బయటపడుతుంది. ఉత్తర, మధ్య భారతంలో వాడుకలో ఉన్నది డికెన్స్ సూత్రం. పరీవాహక వైశాల్యాన్ని మూడు బై నాలుగు ఘాతానికి హెచ్చించి, ఒక గుణకంతో గుణిస్తే గరిష్ఠ వరద ఎంతో వస్తుంది. మధ్య భారతానికి ఆ గుణకం 14 నుంచి 28 వరకు అని పాఠ్యగ్రంథాలు చెబుతాయి. 100 చదరపు కిలోమీటర్ల వాగు ఒకటి తీసుకుందాం. గుణకం 14 అయితే సెకనుకు సుమారు 443 ఘనపు మీటర్లు, 28 అయితే 885. సూత్రం ఒకటే, వాగూ ఒకటే, వరద మాత్రం రెట్టింపు! దక్షిణాదిన వాడే రైవ్స్ సూత్రంలోనూ ఇదే తీరు. తూర్పుతీరానికి 80 కిలోమీటర్ల లోపున 6.8, ఆపైన 160 వరకు 8.5, కొండల చేరువలో 10.2. శ్రీకాకుళం వాగుకు కుదిరిన అంకెను ఛత్తీస్‌గఢ్ వాగుకు తగిలించడం ఒకరి కొలతలతో మరొకరికి చొక్కా కుట్టడమే. సూత్రం గ్రంథాలయంలో దొరుకుతుంది, గుణకాన్ని మాత్రం వర్షమానుల దగ్గర, వంతెన స్తంభాలపై గుర్తించిన పాత వరద మట్టాల దగ్గర వెతకాలి.

ఈ వెతుకులాటకు తెలుగునాట పెద్ద నిదర్శనం హైదరాబాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలాదిమందిని పొట్టనబెట్టుకున్నది. మరుసటి ఏడు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన నగరంలో గోడ ఎత్తు లెక్కతోనే మొదలుపెట్టలేదు, ఎగువన ఏమి జరిగిందో విచారించాడు. శంషాబాదులో 24 గంటలలో 12.8 అంగుళాల వాన కురిసినట్లు, పరీవాహక ప్రాంతంలోని 788 చెరువులలో 221 తెగిపోయినట్లు తేలింది. వాన ఒక్కటే కాక, తెగిన చెరువుల నీరు కూడా ఊరిమీద పడినదన్నమాట. ఎగువనే వరదను నిలిపే జలాశయాలు కట్టాలన్న ఆయన సూచన ఫలితమే 1920లో పూర్తయిన ఉస్మాన్‌సాగర్, 1927లో పూర్తయిన హిమాయత్‌సాగర్. వరదను ఆపిన నీరే నగరానికి తాగునీరైంది. హైడ్రాలజీ, హైడ్రాలిక్స్ అంత చక్కగా కలిసి పనిచేసిన సందర్భాలు తక్కువ.

బిలాస్‌పూర్‌లోనూ సుమారు 1200 మిల్లీమీటర్ల సగటు వార్షిక వర్షం కురుస్తుంది. అధికభాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపునే. నూరు హెక్టార్ల నివాస ప్రాంతంపై పడే ఆ వాన 120 కోట్ల లీటర్లు. మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున 24,000 మందికి ఏడాదికి చాలినంత. అయితే అదంతా చేతికి రాదు. కొంత ఆవిరవుతుంది, కొంత పారిపోతుంది. పచ్చికనేల మీద పడిన వానలో పదోవంతు నుంచి నాల్గోవంతు పారితే, తారు, కాంక్రీటు తలాలపై పదింట ఎనిమిది, తొమ్మిది వంతులు పారుతుంది. పెరళ్లకు సిమెంటు పరచిన కొద్దీ మోరీలో వరద పెరుగుతుంది, బావిలో మట్టం తగ్గుతుంది. ఒకప్పుడు చాలిన మోరీ నేడు చాలకపోవడానికి వాన పెరగడమే కారణం కానక్కరలేదు.

దీనిని కనిపెట్టడానికి విలువైన పరికరాలు అక్కరలేదు. మే నెల చివర కాలనీ బావిలో నీటిమట్టాన్ని టేపుతో కొలిచి తేదీతో రాసుకోవాలి. వానలు వెనుకబట్టిన తరువాత, అక్టోబరులో, అదే గట్టు మీద అదే గుర్తు నుంచి మళ్లీ కొలవాలి. ఆ రెండు మట్టాల తేడాను ఆ నేలలోని రంధ్రాలు విడిచే నీటి నిష్పత్తితోనూ, ప్రాంతపు వైశాల్యంతోనూ గుణిస్తే ఆ ఏటి వానలో భూమికి చేరినదెంతో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. ఒక్క ఏటి అంకె చాలదు. విద్యార్థి కళాశాల విడిచేటప్పుడు ఆ నోటుబుక్కును తరువాతి తరగతివారికి అప్పగించి వెళ్లవలసి ఉంటుంది.