పిలవని పేరంటం



మన బరంపురంలో రెండేళ్లకొకసారి జరిగే ఠాకురాణి యాత్రలో వేషం కట్టి వీధికి వచ్చినవారు పదిమంది చూడాలనే వస్తారు. వారి ఫోటో తీస్తే సంతోషిస్తారు. చైత్రమాసపు మంగళవారాలలో, ఋషికుల్యా తీరాన తారాతారిణి కొండపై, పసిబిడ్డకు పుట్టువెంట్రుకలు తీయించే తల్లి సంగతి వేరు. ఆ కొండ అందరిదీ. ఆ మొక్కు మాత్రం ఆ ఇంటిది. బిడ్డ ఏడుపు, తల్లి కంటతడి మన ఫోనుకు వినోదం కారాదు.

“అమ్మా, ఒక ఫోటో తీసుకోవచ్చునా?” అని తెలుగులోనో ఒడియాలోనో ముందుగా అడగండి. వద్దంటే నమస్కరించి తప్పుకోండి. అప్పటికే తీసివుంటే వారి ఎదుటనే చెరిపివేయండి. సరేనంటే వారికీ ఒకటి పంపండి. ఇతరులకు పంచదలిస్తే మళ్లీ అడగండి. తీయనిచ్చినవారు పంచుకొమ్మన్నట్లు కాదు.

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. ఆ తీర్పుకు ఎంతో ముందునుంచే మనకొక మర్యాద ఉన్నది: పిలవని పేరంటానికి మనం వెళ్లము. మరి మన కెమెరాను మాత్రం ఎందుకు పంపాలి?